బెంగళూరు కాఫీ కొట్లూ, మా బావ ముక్కూ

పోయిన నెల హైదరాబాదులో మా అమ్మాయి నన్నొక కాఫీ కొట్టుకి తీసుకెళ్ళింది. కొట్టు అంటే దానికి కోపం వచ్చింది, రోస్టరీ అనాలట. అద్దాల వెనక నల్లటి యంత్రమొకటి గింజలు వేయిస్తోంది. గోడ పొడుగునా గాజు సీసాలు, ఒక్కో సీసా మీద ఒక్కో కొండ పేరు. మా పాడేరు పేరు కూడా అందులో ఉంది, పట్నంలో ఉద్యోగం దొరికిన చుట్టంలా నన్ను గుర్తుపట్టనట్టు నిలబడి. కౌంటరు దగ్గరున్న అమ్మాయి చిన్న పింగాణీ గిన్నెలో గింజలు పోసి నా ముందు పెట్టి, "వాసన చూసి చెప్పండి అంకుల్, మీకేం గుర్తొస్తోంది?" అని అడిగింది. నారింజ తొక్కా, బెల్లమా, మల్లెపూవా అని ఆమె ఉద్దేశం. గిన్నెని ముక్కు దాకా తీసుకెళ్ళి దించేశాను. జలుబు చేసిందని చెప్పాను. జలుబేమీ లేదు. నాకు గుర్తొచ్చింది మా బావ, ఆయనకి నేను చేసిన పని.

మాది అనకాపల్లి. నాన్నగారు బెల్లం వర్తకులు. దిమ్మ లోంచి గోటితో చిన్న ముక్క గిల్లి నాలిక మీద వేసుకుని, అది ఏ ఊరి చెరుకో, ఏ వారం వండారో చెప్పేవారు. మార్కెట్లో ఆయన మాట మీద బేరాలు తెగేవి. ఇంట్లో మాత్రం ఆయనకి మాటలు తక్కువ. ఉన్న ఆ నాలుగూ నా చేతకానితనం గురించే. డిగ్రీ రెండుసార్లు తప్పి ఆయన కొట్లో గుమాస్తాగా కూర్చున్న కొడుకుతో ఏ తండ్రైనా ఇంతకంటే ఏం మాట్లాడతాడని నేనూ సర్దిచెప్పుకునేవాణ్ణి.

బావ, నాకంటే పదేళ్ళు పెద్దదైన మా అక్క భర్త. మన్యం నుంచి కాఫీ గింజలు కొనే ఒక వ్యాపారి దగ్గర, నర్సీపట్నం గోడౌన్లో గింజలు చూసే పని ఆయనది. బస్తాలో చెయ్యి దూర్చి గుప్పెడు తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. ఇది తారురోడ్డు మీద ఆరబోశారు, ఇది తడిసి మళ్ళీ ఎండింది, ఇది పొగ పక్కన పెట్టారు అని చెప్పేవాడు. తప్పేది కాదు. వీధి చివర ఎవరింట్లో పప్పు అడుగంటిందో కూడా చెప్పేవాడు. అక్కకి ఆ ముక్కంటే నగలంత గర్వం. వచ్చినవాళ్ళ ముందు మూత పెట్టిన గిన్నెలన్నీ పెట్టి, "ఏటున్నాయో ఆయన్నడగండి" అనేది. ఒకసారి ఆ ముక్కు మా నాన్నగారి మీదకే వచ్చింది. మార్కెట్లో బయటి ఊరి కొనుగోలుదార్లకి నాన్నగారు బెల్లం చూపిస్తున్నారు. బావ ఏ దురుద్దేశమూ లేకుండా దిమ్మ వాసన చూసి, "ఇందులో రంగుకి మందు ఎక్కువ కలిపేరు మావయ్య గారు" అన్నాడు. అది నిజం. నాన్నగారి నాలిక ఆ రోజు పట్టుకోలేకపోయింది. ఆయన నవ్వి ఊరుకున్నారు. మా నాన్నగారు నవ్వి ఊరుకుంటే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు, బావకి తప్ప.

తొంభై అయిదో ఆరో, బావ సొంతంగా కాఫీ కొట్టు పెట్టుకోవాలనుకున్నాడు. పాడేరు గింజలు తెచ్చి, అనకాపల్లిలోనే వేయించి, అప్పటికప్పుడు పొడి ఆడించి ఇవ్వాలని. దానికి ముందు బెంగళూరు వెళ్ళి అక్కడి కొట్లన్నీ చూసి రావాలన్నాడు. తోడు నన్ను రమ్మన్నాడు. నన్ను ఎవరైనా ఎక్కడికైనా రమ్మనడం అదే మొదలు.

బెంగళూరులో అయిదు రోజులున్నాం. పొద్దున్నే బయల్దేరి వాసన పట్టుకుని వీధులు తిరిగితే చాలు, ఏదో ఒక కొట్టు దొరికేది. ఆరడుగుల వెడల్పు కొట్లు, గుమ్మం దాకా గోనె బస్తాలు, లోపల గుండ్రంగా తిరుగుతున్న ఇనప డ్రమ్ము, గోడలకీ, లెక్క రాసేవాడి చొక్కాకీ పట్టేసిన తియ్యటి మసి. ఒక్కో బస్తా దగ్గర బావ గుప్పెడు తీసి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని వాసన చూసి, నా చేతిలో పోసి, "నువ్వేటంతావు బావా?" అనేవాడు, నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు. నా మీద ఇంత గౌరవమేమిటా అని పొంగిపోయి నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. ఆయన తలాడించేవాడు.

రెండో రోజు ఒక కొట్లో డ్రమ్ము దగ్గరున్న మనిషి ఎవరితోనో మాటల్లో పడి గింజలు మాడ్చేశాడు. పొగ బయటికి రాకముందే కమురు వాసన కొట్టింది. కొనడానికొచ్చిన ముసలావిడ దగ్గర్నుంచి అందరూ ఒక్కసారి అటు తిరిగారు. డ్రమ్ముకి వీపు పెట్టి నిలబడ్డ బావ మాత్రం యజమానితో చికోరీ పాళ్ళ గురించి నవ్వుతూ మాట్లాడుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఒక పార్కులో కూర్చున్నప్పుడు తనే చెప్పాడు.

"బావా, నాకు వాసన తెల్దు."

అంతకు ముందు ఏడాది కశింకోట దగ్గర స్కూటర్ మీంచి పడి తల వెనక దెబ్బ తగిలించుకున్నాడు. కుట్లు మానాయి. ముక్కు మాత్రం ఆ రోజు నుంచే పోయింది. "ఉల్లిపాయా, కిరసనాయిలూ నాకొకటే ఇప్పుడు. డాక్టరు తిరిగి రావచ్చు అన్నాడు, రాకపోవచ్చు అన్నాడు" అన్నాడు. "పాప పుట్టింది కదా. దాని తల వాసన ఎలాగుంటాదో మీ అక్క సెప్తే ఇన్నాను" అన్నాడు. ఇంట్లో ఎవరికీ తెలీదన్నాడు, గోడౌన్లో చేత్తో తడిమి, ఊహతో నెట్టుకొస్తున్నానన్నాడు. "మీ అక్కకి నా ముక్కంటే అంతిష్టం. ఎలా సెప్పను? నువ్వు నా పక్కనుండు చాలు. నా ముక్కు నువ్వే."

మిగిలిన మూడు రోజులూ ఆయన నాకు పాఠం చెప్పాడు. మొదట పచ్చిగడ్డి వాసన, తర్వాత పెసలు వేయిస్తున్న వాసన, ఆ పైన పాకం వాసన, అక్కడ దించెయ్యాలి. అన్నీ జ్ఞాపకం లోంచే చెప్పాడు. ఆఖరి రోజు ఒక కొట్లో, వేళ్ళ చివర్లు కాలి గట్టిపడిపోయిన ముసలాయన ఒకాయన దొరికాడు. చిత్తూరు వైపు తెలుగు. బావ ఆయన దగ్గర దాచలేదు. ఆయన నవ్వి, "ముక్కెందుకు నాయనా? గింజ చిటపటమంటుంది, రంగు మారుతుంది. చెవీ కన్నూ ఉంటే చాలదా?" అని రోజంతా పక్కన నిలబెట్టుకుని చూపించాడు. సాయంత్రానికి బావ నా సాయం లేకుండా మూడు వాయలు వేయించాడు. మూడూ బాగా కుదిరాయి. తిరుగు రైల్లో ఆయనంత హాయిగా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు నాన్నగారు భోజనం దగ్గర అడిగారు. "బెంగుళూరెళ్ళి ఏటి సేసొచ్చేరు? కాఫీ తాగొచ్చేరా?" ఎప్పటిలా తల దించుకుని తినేస్తే అయిపోయేది. నా దగ్గర ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. చెప్పేశాను. కమురు వాసన సంగతి నటించి మరీ చూపించాను. నాన్నగారు తినడం ఆపి, నా భుజం మీద చెయ్యి వేసి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నాకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యడం నాకు తెలిసి అదే మొదటిసారి.

కొట్టు మొదలుపెట్టిన రోజు బంధువులూ, బెల్లం వర్తకులూ కలిపి నలభై మంది వచ్చారు. పూజ అయ్యాక నాన్నగారు లేచారు. "మా అల్లుడు గారి ముక్కు గురించి మీరందరూ ఇన్నవాళ్ళే. ఇయాల కళ్ళారా సూడండి" అని తన కండువా తీసి బావ కళ్ళకి కట్టారు. మూత బిగించిన స్టీలు డబ్బా ఒకటి నా చేతికిచ్చారు. అందులో పూడిమడక నుంచి తెప్పించిన ఎండుచేప ఉంది. ఉల్లి కూడా వండని ఇల్లు మాది. ఆయన దాన్ని ముట్టుకోరు, కలాసీ చేత తెప్పించారు, నా చేత పట్టించారు. మూత తీసి బావ ముక్కు దగ్గర పెట్టాను. ముందు వరసలో ఆడవాళ్ళు చెంగులు అడ్డం పెట్టుకున్నారు.

"మా బావ కూడా సూత్తాడు" అన్నాడు బావ, నా వైపు చెయ్యి చాపి.

"బావెందుకు? మీరు సెప్పండి అల్లుడు గారూ" అన్నారు నాన్నగారు.

నేనొక్కసారి దగ్గితే చాలు, సంగతి గ్రహించి ఏదో వంక పెట్టి తప్పుకునేవాడు. దగ్గలేదు. బావ నిదానంగా గాలి పీల్చాడు, ఒకటికి రెండుసార్లు. "మన మన్యం గింజే మావయ్య గారు. బాగా ఎండింది."

ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. ఒక వర్తకుడు కుర్చీ లోంచి జారిపోయాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక బావ కూడా కాస్త నవ్వాడు. అది చూసి ఇంకా నవ్వారు. అప్పుడు డబ్బాలో వేళ్ళు పెట్టి తడిమి, కండువా తీసేశాడు.

అక్క పాపని చంకనేసుకుని వచ్చింది. "ఎప్పట్నుంచి?" అని ఆయన్నడిగింది. స్కూటర్ మీంచి పడ్డప్పట్నుంచి అన్నాడు. అక్క నా వైపు తిరిగింది. "ఒరే, నీకు ముందే తెలుసా?"

నేను నోరు తెరిచేలోపు బావ అన్నాడు, "ఆడికి తెల్దు. పట్టుకోమన్నారు, పట్టుకున్నాడు."

అక్క డబ్బా నా చేతిలోంచి తీసుకుని, నాన్నగారి ఒళ్ళో పెట్టి, వెళ్ళిపోయింది. ఆయన బతికుండగా మళ్ళీ మా గడప తొక్కలేదు.

కొట్టు ఎనిమిది నెలలు నడిచింది. బావ చెవితో, కంటితో వేయించిన కాఫీ నిజంగా బాగుండేది. కానీ ఊళ్ళో దానికి ఎండుచేప కాఫీ అని పేరు పడిపోయింది. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా పొట్లం ఆయన ముఖం ముందే ముక్కుకి ఆనించుకుని చూసి, నవ్వాపుకుంటూ వెళ్ళేవారు. తర్వాత వాళ్ళు ఎలమంచిలి వెళ్ళిపోయారు. అక్కడ మోటారు పంపుల షాపులో బావ పనికి కుదిరాడు. వాసన తిరిగి రాలేదు.

నాన్నగారు పోయిన ఏడాది, ధైర్యం చేసి ఎలమంచిలి వెళ్ళాను. షాపు ముందు నిలబెట్టి, ఆ రోజు నిజం ఏమిటో చెప్పబోయాను. బావ వినకుండానే ఆపాడు. "నేను నీకొక్కడికే సెప్పేను కదా బావా. ఇంకెలా తెలుత్తాది?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "మీ అక్కకి మాత్రం సెప్పకు. పుట్టింటి వైపు దానికి నువ్వొక్కడివే మిగిలేవు."

ఆ మాట విన్నాను. వినకూడని మాట అదేనేమో. పండక్కీ పబ్బానికీ వెళ్తాను, అక్క నాకిష్టమైనవి వండి పెడుతుంది. నాన్న చేసిన పనిని తిడుతుంది, నన్ను చూసి మాత్రం నువ్వు అమాయకుడివిరా అంటుంది. నేను తింటూ తలాడిస్తాను. ఈసారి వెళ్ళినప్పుడు చెప్పెయ్యాలని బస్సెక్కిన ప్రతిసారీ అనుకున్నాను, బోలెడు రోజులున్నాయిలే అని దిగిన ప్రతిసారీ అనుకున్నాను. ఇప్పుడు అక్క చెవులు మందగించాయి, నిన్న చెప్పింది ఇవాళ మరిచిపోతోంది. ఇన్నాళ్ళూ నేను వాయిదా వేస్తూ వచ్చిన ఆ ఒప్పుకోలుని, కోర్టులో పాత కేసులా, నాకు తెలియకుండానే కాలం కొట్టేసింది, క్షమించి మాత్రం కాదు.