కాటా మీద గడియారం

మొన్న నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర బస్సు కోసం ఎదురుచూస్తూ, వాచీ చేతి నుంచి తీసి కీ ఇచ్చుకుంటుంటే, పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల దానికి చార్జింగ్ ఎట్లా పెడతారని అడిగింది. నా వేళ్లతోనే అమ్మా అన్నాను. నమ్మలేదు. ఆటపట్టిస్తున్నాననుకుని అటు జరిగింది. ఆ అనుమానపు చూపుకి నాకు నవ్వొచ్చింది, వెంటనే మా బాపు గుర్తొచ్చాడు. ఆ వాచీ ఆయనదే.

మా బాపు మోత్కూర్‌లో పట్టుచీరలు నేసేవాడు. లోకంలో దేన్నీ ఊరికే నమ్మేవాడు కాదు. పాలవాడు వస్తే పాలల్లో వేలు ముంచి చూసేవాడు. పెట్రోలు బంకులో నా స్కూటీ దిగి మీటరుకు ఎదురుగా నిలబడేవాడు. అమ్మ అన్నం పెడితే, ముద్ద నోట్లో పెట్టుకోకముందే కూరలో ఉప్పు వేశావా అని అడిగేవాడు. తెలంగాణ వచ్చి, కొత్త జిల్లాలు చేసి, మా ఊరు నల్లగొండలోంచి వేరే జిల్లాలోకి పోయిందంటే, బోర్డు మార్చినంత మాత్రాన ఊరు జరుగుతుందా అని దాన్నీ అనుమానించాడు.

కళ్లు మసకబారి మగ్గం దిగాక ఆయనకు వాచీ మీద మనసు పడింది. సెల్లు వాచీ వద్దన్నాడు. లోపల సెల్లు ఎంత మిగిలిందో మనకు కనబడదు కదా అని ఆయన బాధ. బజారులో వాచీలు బాగుచేసే భాయ్ దగ్గర కీ ఇచ్చే పాతవి కొన్ని ఉంటే, ఒక్కొక్కటే చెవికి ఆనించుకుని, డాక్టరు గుండె విన్నట్టు కళ్లు మూసుకుని విన్నాడు. ఒకటి నచ్చినా వెంటనే కొనలేదు. రోజూ పోయి, అది బస్టాండు గడియారంతో కలిసి నడుస్తోందో లేదో చూసి వచ్చేవాడు. భాయ్ విసుక్కోకుండా చాయ్ తెప్పించేవాడు. ఆ చాయ్ ఎందుకు తాగిస్తున్నాడని కూడా అనుమానమే.

కొన్నాక దాన్ని సాకిన తీరు చూడాలి. పొద్దున్నే ముఖం కడుక్కుని, ఇంకేదీ ముట్టకముందే కీ ఇచ్చేవాడు. వేలికి బిగువు తగలగానే ఆపేవాడు. పోగు తెగబోయే ముందు తెలిసే బిగువు ఆయన వేళ్లకు అలవాటే. స్నానానికి పోతూ పాత పట్టుముక్కలో చుట్టి, ఫోన్లకు దూరంగా పెట్టేవాడు. మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు.

కొన్నాళ్లకు అది వెనకబడసాగింది. విప్పి, తుడిచి, నూనె వేయించాలి. వాచీ విప్పినవాడు మంచి సామాను దాచుకుని పనికిరానిది పెడతాడని ఆయనకు ఎవరో చెప్పారు. ఇక నిద్ర పట్టలేదు. బాపు జీవితమంతా చూసిన పద్ధతి ఒకటుంది. సావుకారు పట్టునూలు తూకం వేసి ఇస్తాడు, నేసిన చీరను మళ్లీ తూకం వేసి తీసుకుంటాడు. అదే పద్ధతి వాచీకి పెట్టాడు. ముసురు పట్టిన రోజున నా స్కూటీ మీద తడుస్తూ పోయి, ముందు అవుసులాయన దుకాణంలో బంగారం తూచే కాటా మీద వాచీ పెట్టించి, తర్వాతే భాయ్ చేతికిచ్చాడు. మళ్లీ ఎండలు కాశాక తీసుకుని, తిన్నగా ఆ కాటా దగ్గరికే పోయాడు. తగ్గింది. గింజంత తేడా, అయినా తగ్గింది.

నేను వద్దంటున్నా వినకుండా భాయ్ దుకాణానికి తిరిగి పోయాడు. అంగడి రోజు, దుకాణం ముందు జనం ఉన్నారు. అందరూ వింటుండగానే అడిగాడు.

“లోపలి సామాను తీసినవ్ భాయ్. కాటా అబద్ధమాడుతదా?”

తన వాచీ కోసం వచ్చిన ఒకాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకున్నాడు. బజారులో దొంగ అన్న పేరు ఒక్కసారి పడితే ఆ దుకాణం మూసుకోవాల్సిందే. సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను. భాయ్ మాత్రం గొంతు పెంచలేదు.

“ఇచ్చిననాడు ముసురు కదా కాకా. తోలుపట్టా తడిసి ఉండె. ఇప్పుడు ఆరింది, గంతే.”

బాపు ముఖంలో రంగు పోయింది. ఆ మాట నేనూ విన్నదే. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని సావుకారు ఇంటికి పోయాను. చీర తూకం తగ్గిందని సావుకారు నిలదీస్తే, ఇచ్చినప్పుడు నూలు వానకు చెమ్మగా ఉండిందని, ఎండలకు ఆరిందని బాపు చెప్పుకున్నాడు. సావుకారు అక్కడున్నవాళ్ల వైపు తిరిగి, విన్నారా, నూలు ఆరిందట అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్లలో నేసేవాళ్లూ ఉన్నారు. బాపు ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పుడు భాయ్ దుకాణం ముందు కూడా ఎవరో నవ్వారు. బాపు వాళ్ల వైపు తిరిగాడు.

“నవ్వకుండ్రి. తడిస్తె బరువైతది, ఆరితె తగ్గుతది. నేను నేసెటోన్ని, నాకెరుక. గీయన ఏం దియ్యలే. తప్పు నాది.”

ఆ తర్వాత కూడా పాలల్లో వేలు ముంచడం మానలేదు. మనిషి మారిపోయాడని చెబితే అది అబద్ధం. వాచీని మాత్రం భాయ్ ముందు పెట్టేసి, వెనక్కి చూడకుండా ఊళ్లో పని మీద పోయేవాడు. ఆ రోజు భాయ్ దుకాణం నుంచి ఇంటికొస్తుంటే, స్కూటీ వెనక నుంచి మెల్లగా అన్నాడు.

“గా దినం సావుకారు ఇంట్ల నా తరఫున గీ ముక్క ఎవ్వరు చెప్పలే బిడ్డా.”

తన కోసం ఎవరైనా అంటే బాగుండునని ఆయన ఎదురుచూసిన మాట, వినాల్సిన వయసంతా గడిచిపోయాక, ఆయన నోటి నుంచే ఇంకొకరి కోసం వచ్చింది. అది ఆలస్యమని అనడానికి ఈనాటికీ నాకు నోరు రాదు.