ఎదురుకాళ్ల కాన్పు, నా పోర్ట్‌ఫోలియో

పీజీలో ఉండగా నన్ను కొన్ని నెలల శిక్షణకు గద్వాలలోని ఒక ఆసుపత్రికి పంపారు. నాది ప్రసూతి విభాగం. పెద్దమందడిలో కూలికి పోయే ఇంటి నుంచి డాక్టర్ చదువుకొచ్చిన మొదటిదాన్ని. ఎవరికీ వేలెత్తి చూపే అవకాశం ఇవ్వకూడదన్న పంతం ఉండేది.

చూసిన కాన్పులు, చేసిన ఆపరేషన్లు లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టించుకోవడం మాకు అలవాటే. అక్కడి పెద్ద డాక్టరమ్మ మాత్రం పోర్ట్‌ఫోలియో కూడా రాయమన్నారు. ప్రతి వారం ఒక కేసు తీసుకుని, అందులో ఏం నేర్చుకున్నానో, ఏది చేతకాలేదో రాసి ఆమెతో కూర్చుని మాట్లాడాలి.

మొదటిసారి కేస్ షీట్‌లాగే నీటుగా రాసిచ్చాను. ఆమె చదివి కళ్లజోడు తీశారు.

"అంతా బాగనే ఉంది. ఇందుల నువ్వు ఏడున్నవ్?"

"నేనే కద మేడం రాసింది?"

"నీకు దేనికి భయమైతది? అది రాయ్. మార్కులు ఎయ్యనీకె కాదు, నేర్పనీకె అడుగుతున్న."

తటపటాయించి, చివరికి రాసేశాను. ఎదురుకాళ్ల కాన్పు అంటే నాకు భయం. ఒళ్లంతా బయటికొచ్చి తల ఒక్కటే లోపలుండిపోయినప్పుడు, ఆగాల్సిన నా చేతులు లాగాలని చూస్తాయి.

కోప్పడతారనుకున్నాను. "గిదీ రాసుడంటే!" అని నవ్వారు. ఆ రోజు నుంచి ఓపీ అయిపోగానే రబ్బరు బొమ్మతో సాధన చేయించారు. "లాగకు. జర ఓపిక పట్టు" అంటూ నా మణికట్టు పట్టి ఆపేవారు. ఎంత మారానో మళ్లీ రాసుకునేదాన్ని.

ఒక ఉదయం ఆమె థియేటర్లో సిజేరియన్ చేస్తుండగా, బీచుపల్లి వైపు నుంచి ఒక గర్భిణిని తెచ్చారు. చూస్తే అప్పటికే బిడ్డ పిర్రలు కనిపిస్తున్నాయి. ఆపరేషన్‌కు తీసుకెళ్లే వ్యవధి లేదు. కబురు పంపితే, నర్సు తిరిగొచ్చి మేడం మాట చెప్పింది: "నువ్వే చెయ్యి. నీకొస్తది."

కాళ్లు, నడుము, భుజాలు వచ్చాయి. తల ఆగింది. నా చేతులు లాగలేదు. మెడ వెనక వెంట్రుకల అంచు కనిపించేదాకా ఆగాను. బిడ్డను ముంజేతి మీద ఆనించుకుని, బుగ్గ ఎముకల మీద వేళ్లుంచి తలను మెల్లగా వంచాను. నర్సు పొత్తికడుపు మీద నొక్కి పట్టింది. తల జారి వచ్చింది. ఒళ్లు తుడుస్తుండగానే గది అదిరేలా ఏడుపు!

బయట బాలింత అత్త నా చేతులు పట్టుకుంది. "ఎదురుకాళ్లంటే మస్తు పరేషానైనం బిడ్డా. నీ కడుపు సల్లగుండ!"

మేడం గౌను కూడా విప్పకుండా వచ్చి తల్లినీ బిడ్డనూ చూశారు. "ఎట్లుండె?"

"భయమైంది మేడం. అయినా ఆగిన."

ఆమె నా భుజం గట్టిగా తట్టారు.

అమ్మకు ఫోన్ చేశాను. పల్లికాయ చేనులో ఉంది. విషయం వినగానే పక్క సాళ్లలోని ఆడవాళ్లను కేకేసింది. "ఓ అక్కా, ఇనుండ్రి! మా పిల్ల ఎదురుకాళ్ల బిడ్డను తీసిందంట!"

చేనంతా సంబరంగా పెట్టిన కేకలు ఫోన్లో వినిపించాయి. వార్డు గుమ్మంలో నిలబడి నేనూ పగలబడి నవ్వాను.