సీడు మంచిదే

రొయ్యల చెరువులు చేసే మాకు ఒక ఊతపదం ఉంది: "సీడు మంచిది కాదు." సీడంటే చెరువులో వదిలే రొయ్యపిల్లలు. మేత ఎక్కువేసినా తప్పు సీడుదే. నీళ్లకి గాలి అందించే ఏరియేటరు ఆగిపోయిన పూట మనం పెళ్లి భోజనంలో ఉన్నా తప్పు సీడుదే. ముత్తుకూరు పక్కన చెరువుల మీద పాతికేళ్లుగా ఈ మాటతోనే నెట్టుకొచ్చాను. సీడు అమ్మినవాళ్లు ఎక్కడో ఉంటారు కాబట్టి ఎవరికీ నొప్పి లేదు. కానీ మూడేళ్ల కిందట ఈ మాట బాతుపిల్లల మీద వాడాను. వాటిని ఇచ్చిన మనిషి మా వీధిలోనే ఉంటుంది.

ఆమెని ఊరంతా బాతులక్క అంటారు. కోళ్ల కింద బాతుగుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేది. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చిన మర్నాడే పద్నాలుగు తెచ్చుకున్నాను. వరండాలో అట్టపెట్టె, అడుగున ఊక, పైన వెచ్చదనానికి బల్బు. అదే నా బ్రూడరు.

"తొందరపడి గట్టు మీద గూట్లోకి మార్చబాకబ్బయా," అన్నది అక్క. "రెక్క ఎత్తి చంకలో చూడు. నూగు పోయి ఈక కమ్మిందాకా లోపలే ఉంచు."

"ఎన్నో రోజుకి కమ్ముద్దక్కా?"

"రోజులు నాకు తెలీదు. చంకకి తెలుసు."

నవ్వుకున్నాను. రొయ్యల్లో అంతా రోజుల లెక్కే. ఇరవయ్యో రోజుకి పిల్లలు నీళ్లగిన్నె బోర్లేసి, ఊకంతా తొక్కి, వరండాని కంపు చేసినాయి. "ఈ ఇంట్లో నేనన్నా ఉండాల, మీ బాతులన్నా ఉండాల," అనేసింది మా ఆవిడ. అయినా తప్పు ఆమెది కాదు. ఆమె ఇది చదువుతుందని రాయడం లేదు, నిజంగానే కాదు. చేపపిల్లకి ఈత నేర్పాలా, బాతుపిల్లకి వానేం చేస్తుంది అనుకున్నది నేను. రోజూ చెరువులో మేతతో దించిన చెక్ ట్రే పైకెత్తి రొయ్య పేగు నిండిందో లేదో చూసేవాణ్ణి, చేతిలో ఉన్న పిల్ల రెక్క ఎత్తి చూడలేదు.

ఆ సాయంత్రమే పిల్లల్ని చెరువుగట్టు మీద గూట్లోకి మార్చేశాను. గూటికి పైన రేకు, పక్కల వల. నాలుగోనాడు తెల్లారుజామున ఈదురుగాలితో జల్లు కొట్టింది. గొడుగేసుకుని వెళ్లేసరికి నూగు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. తొమ్మిది పోయినాయి. ఐదింటిని కండువాలో చుట్టుకొచ్చి బల్బు కింద పెడితే తేరుకున్నాయి. తల్లి ఉంటే రెక్కల కింద దూరేవి. పెట్టెలో పెరిగిన పిల్లలకి ఆ దారి లేదు.

టీ బంకు దగ్గర ఎవరో అడిగారు: "ఏంనా, బాతులు పొయినాయంటనే?"

"సీడు మంచిది కాదబ్బా."

అలవాటైన నోరు, దానంతట అదే పలికింది. మిగిలిన ఐదూ పెద్దవై గుడ్లు పెడుతున్నా ఎవరూ నన్ను నిలదీయలేదు. కానీ మరుసటి ఏడు అక్క దగ్గర పిల్లల్ని కొన్నవాళ్లు లేరు. అందరూ నాయుడుపేట నుంచి తెచ్చుకున్నారు. ఆమె గుడ్లు పొదిగించడం మానేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఎదురుపడితే "బాగుండావా అబ్బయా?" అనేది. తిట్టినా బాగుండేది.

మొన్నామధ్య అదే బంకు దగ్గర చెప్పాను: "ఆనాడు సీడు మంచిదే. రైతే మంచోడు కాదు."

"ఈ మాట చెరువు గురించి కూడా ఒప్పుకో నా!" అని అందరూ నవ్వారు. నా ఒప్పుకోలు జోకుల్లో కొట్టుకుపోయింది. అందుకే ఇలా రాస్తున్నాను.

అక్క ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. మళ్లీ కోళ్ల కింద గుడ్లు పెట్టమన్నాను.

"ఎవురు కొంటారు?"

"నేను."

"నువ్వా! సరే. ఈసారి నేను చూసి చెప్పిందాకా బైట పెట్టబాక."

అందుకని ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చి వదిలే వేళకి, కావాలనే ఆ వేళకి, ఆమె పొదిగించి ఇచ్చిన కొత్త పిల్లల్ని బుట్టలో పెట్టుకుని అక్క వాకిట్లో కూర్చుంటున్నాను. ఆమె ఇల్లు చర్చి పక్కనే. వచ్చేపోయేవాళ్లు ఆగి ఇదేందంటారు. అక్క చెప్పందే నాకు తెలియదంటాను. ఆమె ఒక్కొక్క పిల్లనీ ఒళ్లో తిప్పి రెక్క ఎత్తి చూస్తుంది.

"ఇది అయింది. ఇదీ అయింది. దీనికింకా నూగుండాది. వారం ఆగు."

"ఒక్కదానికేగా అక్కా?"

"ఒక్కటైతే చలెయ్యదా?"

మొన్న ఆదివారం, బైబిలు చంకలో పెట్టుకుని నిలబడి చూస్తున్న ఒకామె అడిగింది: "ఇంకా కోళ్ల కింద గుడ్లు పెట్టుండావా అక్కా?"

అక్క నా వైపు చూసింది. "ముందు ఈ అబ్బయ్యవి గట్టెక్కనీ," అన్నది.

బుట్టెత్తుకుని ఇంటికొచ్చాను.