సన్నని కుట్టు

గొంతు గడ్డలు కోసే ఆ సర్జన్ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ కొత్త కాలనీలు లేస్తున్న ఎనభైలలో, ఒక మేడ కింది అంతస్తులో ఆయన నర్సింగ్ హోం ఉండేది. ఆపరేషన్ అయినవాళ్ల మెడ మీది కట్టు విప్పి, చేయించుకోబోయేవాళ్లకు చూపించడం ఆయన అలవాటు.

“పుస్తెలతాడు వేసుకుంటే గీతే కనబడదమ్మా” అని మురిసిపోయేవాడు.

మా అక్కకు ఆపరేషన్ అయిన సాయంత్రమే లోపల నెత్తురు కారి మెడ ఉబ్బింది.

“ఊపిరాడుతలేదు సార్, జర సూడుండ్రి” అని బతిమాలాను.

కుట్లు విప్పి నెత్తురు బయటికి వదలాల్సిన మనిషి, ఇంకో చుట్టు కట్టు బిగించాడు. “ఇప్పుడు విప్పితే మచ్చ పడిపోతుందయ్యా!” అన్నాడు.

అక్క పెదాలు నల్లబడ్డాయి. అంతలో వచ్చిన మత్తుమందు ఇచ్చే డాక్టరు ఆయన్ను పక్కకు నెట్టి, మంచం మీదే కుట్లు కత్తిరించాడు. గడ్డకట్టిన నెత్తురు బయటపడింది, అక్క ఊపిరి పీల్చుకుంది. సర్జన్ మాత్రం తెగిన దారాన్నే చూస్తూ, “ఎంత సన్నగా వేశాను!” అని నిట్టూర్చాడు.

మర్నాడు సరూర్‌నగర్ నుంచి ఒకావిడ తన గొంతు గడ్డ ఆపరేషన్ సంగతి కనుక్కోవడానికి వచ్చింది. ఆయన ఆమెను మేమున్న గదిలోకి వెంటబెట్టుకొచ్చాడు. అక్క మీది దుప్పటిని గడ్డం దాకా లాగి కప్పేసి, పక్క మంచం ఆవిడ కట్టు విప్పాడు.