ఒకే పైపు మీద రెండు మోటర్లు

ఈ ఎండాకాలం మొదట్లో, కరీంనగర్‌లో మేముండే అపార్ట్‌మెంటులో నీళ్లు పై ట్యాంకుకు సరిగా ఎక్కడం లేదని కమిటీ వాళ్లు పాత మోటరు పక్కనే దానికి రెండింతల మోటరు తెచ్చి, రెండింటినీ ఒకే పైపుకు కలిపించారు. మర్నాడు పొద్దున వాచ్‌మన్ రెండూ వేశాడు. వంటింట్లో టీ వడగడుతున్న నాకు కింది నుంచి ఆ మోత వినపడగానే చేయి ఆగిపోయింది. పాత మోటరు తిరుగుతూనే ఉంది, కానీ నీళ్లను తోసే మోటరు చేసే చప్పుడు కాదది, గొంతులో మాట అడ్డుపడినవాళ్ల మూలుగు. కొంగు దోపుకుని, మోకాళ్ల నొప్పులతోనే మెట్లు దిగి, దాని మీద చేయి పెట్టాను. కాలుతోంది. "బంద్ చెయ్యి బిడ్డా, జల్ది" అన్నాను. అతను ఆపేశాడు గానీ నా చెవుల్లో అది ఆగలేదు. చిన్ననాటి నుంచీ ఆగనేలేదు.

మా ఊరు మంథనికి దగ్గర్లో, గంగ ఒడ్డున. గోదావరిని మా వైపు అలాగే అంటాం. మా నాన్న, అంటే బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు ఆస్తి పాలు పంచుకున్నప్పుడు పొలం చెరిసగం అయింది, ఒడ్డున ఉన్న మోటరు పెద్దవాడని బాపుకు వచ్చింది, నేలలో పాతిన పైపును మాత్రం ఎలా పంచుకోవాలో ఎవరికీ తోచక ఉమ్మడిగానే వదిలేశారు. చిన్నబాపు పెద్దపల్లికి పోయి తన వంతుకు కొత్త మోటరు తెచ్చాడు. హార్స్‌పవరు ఎంతని తప్ప ఇంకేమీ అడగని రోజులవి, అందుకని ఉన్నవాటిలో పెద్దదే తెచ్చాడు. "అన్న మోటరు ముసల్దయింది వదినా, గిది పక్కకుంటే దానికి జర సాయముంటది" అని అవ్వతో, అంటే మా అమ్మతో, అనడం నాకిప్పటికీ గుర్తే. ఆ దసరాకు చిన్నబాపు మొదట బాపు మోటరుకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ఆ తర్వాతే తనదానికి పెట్టుకున్నాడు.

ఒప్పందం ఏమిటంటే, రెండు మోటర్లూ కలిపే వేయాలి, పైన తొట్టిలో పడిన నీళ్లు ఇద్దరికీ చెరిసగం. ఒక్కో మోటరుకు బయట చేత్తో తిప్పే చక్రం వాల్వు ఉండేది. ఒకదాని నీళ్లు ఇంకోదానిలోకి వెనక్కి రాకుండా పైపు లోపల ఒక రేకు కూడా ఉండేది. చక్రం కంటికి కనిపిస్తుంది, రేకు కనిపించదు. మా ఇంటి దుఃఖమంతా ఆ తేడాలోనే ఉందని తర్వాతెప్పుడో తెలిసింది.

యాసంగి వరి, అంటే రబీ పంట, పొట్టకొచ్చిన రోజుల్లో నీళ్లు చాలలేదు. రెండు మోటర్లు తిరుగుతున్నా తొట్టిలో పడే ధార ఒక్క మోటరు ధార లాగే ఉంది. చిన్నబాపు ఒకరోజు బాపు మోటరు ఆపి చూశాడు, ధార తగ్గలేదు. తనది ఆపి బాపుది ఒక్కటీ వేయించాడు, దాని వంతు నీళ్లు అది నిక్షేపంగా పోసింది. మళ్లీ రెండూ వేస్తే మళ్లీ అదే కథ. ఒంటరిగా పనిచేసే మోటరు, జతగా ఉన్నప్పుడే ఎందుకు మొరాయిస్తుంది? చిన్నబాపుకు ఒక్కటే జవాబు తోచింది. పాత మోటరు అరిగిపోకుండా కాపాడుకోవడానికి అన్న చాటుగా చక్రం తిప్పి వాల్వు మూసేస్తున్నాడని, సగం నీళ్లు మాత్రం తీసుకుంటున్నాడని.

నేను అక్కడే ఉన్నాను, బాపుకు సద్ది తెచ్చి. చిన్నబాపు గొంతు పెంచలేదు, అందుకే నాకు మరీ భయం వేసింది. "వాల్వు కట్టేస్తున్నవా అన్నా? నాకు చెప్పరాదే, నేనేమన్న పరాయోణ్నా" అన్నాడు. బాపు చక్రం చూపించి, తెరిచే ఉంది చూడు అనవచ్చు, కానీ తమ్ముడి ముందు తన నిజాయితీ రుజువు చేసుకోవడం ఆయనకు చావుతో సమానం. ఫ్యూజు పీకి జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు. సద్ది విప్పనేలేదు. ఆ మోటరు మళ్లీ తిరగలేదు, మా వరి పొట్టలోనే ఎండింది, అన్నదమ్ముల మధ్య మాట పోయింది. పక్కపక్క వాకిళ్లలో ఉంటూ ఒకరు బయటికొస్తే ఇంకొకరు లోపలికి పోయేవారు. బాపు చనిపోయినప్పుడు చిన్నబాపు పాడె మోశాడు గానీ మా ఇంట మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పాలిటెక్నిక్ చదివి, పెళ్లయి కరీంనగర్‌కు వచ్చాక ఒక పంపుల దుకాణంలో ఎవరికి ఏ పంపు సరిపోతుందో లెక్కగట్టే కొలువులో చేరాను. బాపు సంవత్సరీకం అయిన కొన్నాళ్లకు, ఒక ఎత్తిపోతల లిఫ్టు స్కీము కోసం ఒకే పైపు మీద రెండు పంపులు ఎంచాల్సి వచ్చింది. ఏ పంపు ఎంత ఎత్తుకు ఎన్ని నీళ్లు తోస్తుందో గీతలు గీస్తున్నాను. పైపుకూ ఒక గీత ఉంటుంది, నీళ్లు పెరిగిన కొద్దీ దాని రాపిడి పెరుగుతుంది, అందుకే రెండు పంపులు పెట్టినా నీళ్లు రెండింతలు కావు. ఇక ఒకటి బలమైనదీ ఒకటి బలహీనమైనదీ అయితే, పెద్దది పైపులో తెచ్చే ఒత్తిడిని చిన్నది దాటలేదు. దాని రేకు లోపల దానంతట అదే మూసుకుంటుంది, ఉన్న నీళ్లనే చిలుకుతూ, కాగుతూ ఉంటుంది. ఒంటరిగా వేస్తే మళ్లీ మామూలే. పెన్సిల్ అక్కడే ఆగిపోయింది. మధ్యాహ్నం సెలవు చెప్పి మంథని బస్సెక్కాను.

చిన్నబాపు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. గచ్చు మీద బొగ్గుతో గీసి, అదంతా విడమరిచి చెప్పాను. చివరికి, "అంటే అన్న కట్టెయ్యలే" అన్నాడు. లేదన్నాను. "గా రేకు మూసింది నా మోటరే." బొగ్గు గీతల వైపు చూస్తూ అడిగాడు. "గీ ముచ్చట అన్నకు ఎర్కేనా బిడ్డా?" తల అడ్డంగా ఊపాను. ఆయన కాలితో ఆ బొగ్గు గీతలను మెల్లగా తుడిచేసి, లేచి, మా ఇంట్లోకి వెళ్లి, అవ్వను మంచినీళ్లు అడిగాడు.

ఇప్పుడు చిన్నబాపు లేడు, అవ్వా లేదు. గంగ మీద తర్వాత కట్టిన ఆనకట్ట నీళ్లు నిలిచి ఒడ్డునున్న మోటర్ల షెడ్డు మునిగిపోయింది; ఊరికి పోయినప్పుడు ఒడ్డున నిలబడితే, ఆ నీళ్ల కింద బాపు మోటరు ఇంకా తిరుగుతున్నట్టే ఉంటుంది నాకు. ఊళ్లో ఇప్పుడు ఎవరి పొలంలో వారికి బోరుంది, ఎవరి పైపు వారిది. అన్నదమ్ములు నీళ్ల కోసం కొట్లాడుకోవడం లేదు, మాట్లాడుకునే పనీ పడటం లేదు. మా కమిటీ వాళ్లు మాత్రం నా మాట విని, అన్ని విధాలా ఒకే తీరున్న రెండు మోటర్లు పెట్టించారు. పొద్దున్నే రెండూ ఒకే గొంతుతో మోగుతాయి, రెండూ నీళ్లు పోస్తాయి. టీ వడగడుతూ ఆ చప్పుడు వింటాను. దాన్ని వినాల్సిన ఇద్దరూ లేరు.