పెళ్ళి లేని బ్యాండు

నా చిన్నప్పుడు, ఐదో తరగతి పరీక్షలు ముగిసిన శనివారం, సాయంత్రం సరిగ్గా నాలుగున్నరకి, బ్యాండు చూడటానికి తీసుకెళ్ళమని మా నాయనమ్మను అడిగాను. మేము అప్పుడు బెజవాడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా వెనక వీధిలో నలుగురు కుర్రాళ్ళు కరెంటు గిటార్లతో, డ్రమ్ములతో సాధన చేసేవారు. గోడ ఇవతల నుంచి వినీ వినీ వాళ్ళ పాటలన్నీ నాకు నోటికి వచ్చేశాయి. వాళ్ళను వేదిక మీద మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ సాయంత్రం కాలనీ హాల్లో వాళ్ళ కార్యక్రమం. మా నాన్నకు బదిలీ అయింది, సోమవారం మేము ఊరు వదలాలి. ఆ పూట చూడకపోతే ఇక చూడటమన్నది లేదు.

సామాను సర్దడానికి ఉయ్యూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన నాయనమ్మ, “ఎవరి పెళ్ళే?” అంది. పెళ్ళి కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. “పెళ్ళి లేకుండా బ్యాండేంటే, ఊరికే వాయిస్తారా?” అని పట్టుచీర కట్టుకుని మరీ బయల్దేరింది. హాలు గుమ్మంలో వాచ్‌మన్‌ను పట్టుకుని, “పెళ్ళివారు ఏ వైపు బాబూ?” అని అడిగింది.

“పెళ్ళేమీ లేదు మామ్మగారూ, ఉత్త బ్యాండే.”

“ఉత్త బ్యాండుకే ఇంత జనమా!”

మొదటి గిటారు మోత నా పొట్టలో తగిలింది. గోడ ఇవతల విన్న పాటేనా ఇది అనిపించింది. నాయనమ్మ చెవులకు కొంగు చుట్టుకుంది. రెండో పాటకు ఆ కొంగు జారింది. మళ్ళీ చుట్టుకోలేదు.

చివరిది నాకు ప్రాణమైన పాట, వాళ్ళే కట్టుకున్న గూడ్సుబండి పాట. పాడే అబ్బాయి ఒక్కో చరణం ముగించగానే అందరూ “సిగ్నలివ్వు!” అని అరవాలి; ఆ సంగతి నాయనమ్మకు దారిలోనే చెప్పి ఉంచాను. అతను మొదటి మాట అన్నాడో లేదో, కరెంటు పోయింది. గిటార్లు, మైకు మూగబోయాయి. ఈలలు, కుర్చీల చప్పుడు. వాచ్‌మన్ టార్చి వేసి, “ఇక పదండి, ఇప్పట్లో రాదు” అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

“ఏడుస్తావేంటే? నీకు పాట వచ్చుగా, అందుకో” అంది నాయనమ్మ.

“నేనా? ఇంతమందిలోనా?”

“నాట్లేసేటప్పుడు పాడేదాని గొంతు పూడితే పక్కది అందుకుంటది. పాట ఆగిందా, నడుం నొప్పి తెలుస్తది. జనం వెళ్ళిపోకముందే అందుకోవే!”

అందుకున్నాను. మొదటి చరణానికి “సిగ్నలివ్వు!” అన్నది నాయనమ్మ ఒక్కతే. వెనక ఎవరో, “మామ్మగారు జెండా ఊపేశారురోయ్!” అని నవ్వారు. రెండో చరణానికి ఆ నవ్వినవాళ్ళే అరిచారు. డ్రమ్ములకు కరెంటుతో పనేముంది, అవీ కలిశాయి. లేచినవాళ్ళు నిలబడ్డచోటే చప్పట్లు కొట్టారు. పాడే అబ్బాయి వేదిక అంచున కూర్చుని, నా గొంతుకు తన గొంతు కలిపాడు. హాలంతా కలిసి సిగ్నలు అడుగుతుండగా దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. గిటార్లు సరిగ్గా తర్వాతి చరణం మొదట్లో వచ్చి కలిశాయి. పైకప్పు రేకులు అదిరాయి. పట్టుచీరతో నాయనమ్మ కుర్చీ ఎక్కి నిలబడింది.

ఎవరో ఒకరు మొదలుపెడతారులే అని చూడటం నేను ఆనాటితో మానేశాను. బడిలోనైనా, చర్చిలోనైనా, మా వీధికి నీళ్ళ పంపు అడగటానికి ఆడవాళ్ళందరం వెళ్ళి ఆఫీసరు ముందు నోరు పెగలక నిలబడ్డప్పుడైనా, సగంలో ఆగినదాన్ని అందుకున్నది నేనే. మొదట బదులు పలికేది ప్రతిసారీ ఒక్కరే. ఆ ఒక్కరి కోసం ఆగకుండా పాడటం నాకు అలవాటైపోయింది.

ఆ సాయంత్రం పోయినవి కూడా చెప్పాలి: నా ఎడమకాలి చెప్పు, ఒక జడ రిబ్బను, బుధవారం దాకా గొంతు.