మా స్టేషన్‌లో రైలు ఆగడం మానేసిన రోజు

మా చిన్నప్పుడు అమ్మ పొద్దున్నే మిరియాల చారు కాచిందంటే, అది రత్నం ఆంటీ రైల్లో వచ్చే రోజని అర్థం...

ఎనభైల చివర్లో మేము ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, గోధుమ పొలాల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ధాన్యం బస్తాలు ఎక్కించడానికి ఎప్పుడో కట్టిన స్టేషన్ మాది. స్టేషన్ మాస్టర్ లేడు, టికెట్ల కిటికీకి చెక్కలు కొట్టేశారు. అయినా మెల్‌బోర్న్ వెళ్ళే రైలు మాత్రం రెండు నిమిషాలు ఆగేది.

ఆ దారి మొత్తం మీద మేము కాక ఉన్న తెలుగు కుటుంబం ఆంటీ వాళ్ళదొక్కటే. ఎక్కడో దూరంగా ఉండేవాళ్ళు. అమ్మలాగే ఆవిడదీ తెనాలి. క్యాన్సర్ వైద్యానికి నెలనెలా మెల్‌బోర్న్ వెళ్ళేది. నోటికి ఏదీ సయించేది కాదు... అమ్మ చారు తప్ప.

అమ్మ మరచెంబు నిండా చారు పోసి, మూత బిగించి, రైలు తలుపు దగ్గర అందించేది.

"ఏంటక్కా, ఇంత సన్నబడిపోయావ్?"

"నీ చారు తాగి లావెక్కుతాలేవే!"

అంతలో గార్డు విజిల్... ఆ దేశంలో అమ్మ నోరారా అక్కా అని పిలుచుకున్నది ఆవిడనొక్కదాన్నే.

ఒకరోజు స్టేషన్ తలుపు మీద నోటీసు అంటించారు. ఎక్కేవాళ్ళు లేరు కాబట్టి ఇకపై ఇక్కడ రైలు ఆగదట. అమ్మ మాత్రం ఎప్పటిలాగే చారు కాచింది. ఇండియాలో మన వైపు ఆగని రైలు కూడా స్టేషన్ రాగానే నెమ్మదిస్తుందిగా... చెయ్యి చాపితే అందుకుంటారుగా... అదీ అమ్మ ధీమా.

"అమ్మా, ఇట్ వోంట్ స్టాప్" అన్నాను.

"నువ్వూరుకోవే. ఆంటీ తలుపు దగ్గరే నించుంటుంది" అంది.

రైలు వచ్చింది. కొంచెం కూడా నెమ్మదించలేదు. తలుపు అద్దం వెనక ఆంటీ నిజంగానే నిలబడి ఉంది... చెయ్యి ఎత్తింది. అంతే, వెళ్ళిపోయింది. ఆ దుమ్ములో అమ్మ చెంబు చాపి అలాగే నిలబడింది.

నాన్నకి సెలవు దొరకగానే కార్లో ఆంటీ వాళ్ళింటికి వెళ్దామనుకున్నాం. ఆ సెలవు దొరికేలోపే కబురొచ్చింది, ఆంటీ పోయిందని...

మొన్న అటు వెళ్ళాను. ప్లాట్‌ఫామ్ మీద నడుములోతు గడ్డి. చాలాసేపు కార్లోంచి దిగబుద్ధి కాలేదు. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఏ షాపుకెళ్ళినా తెలుగు వినిపిస్తుంది... అమ్మ మాత్రం మళ్ళీ ఎవరినీ అక్కా అని పిలవలేదు.

మీకోసం ఎవరైనా ఇలా రైలు దగ్గరికి ఏదైనా వండి తెచ్చేవాళ్ళా? ఉంటే రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను.